పీఠమొకరిది, పెత్తనమొకరిది
(న్యూయార్కు రాష్ట్ర సెనేటు నాయకత్వ చరిత్ర)

ఏ సభయైనను సక్రమముగా జరుగవలెనన్న దానికొక యధ్యక్షుడు కావలెను. ఎవరు ముందు మాటాడవలెనో, ఎవరు పిదప మాటాడవలెనో, వోట్లెప్పుడు లెక్కింపవలెనో చెప్పువాడు లేనిచో సభ సంతవలె మాఱును. ఈ సంగతి పాఠశాలల సాహిత్యసంఘములయందు పాల్గొను చిన్నతరగతుల బాలబాలికలు సైత మెఱుగుదురు. కాని అధ్యక్షపీఠముపై కూర్చుండువాడును, సభను నిజముగా నడపువాడును ఒక్కడే యగునా? ఇరువురును వేఱువేఱుగా నున్నచో నేమి జరుగును? పీఠము ఖాళీ పడినప్పుడు దిక్కెవరు? ఈ ప్రశ్నలకు సూత్రములు చదువుటకంటె నొక సభయొక్క చరిత్రమును పరిశీలించుటయే మేలైన మార్గమని మా యభిప్రాయము. అందులకై అమెరికా సంయుక్తరాష్ట్రములలో నొకటియగు న్యూయార్కు రాష్ట్రముయొక్క సెనేటును ఇచ్చట ఉదాహరణముగా గైకొనుచున్నాము.

ముందుగా నొక భ్రమను తొలగింపవలసి యున్నది. అమెరికా సెనేటు అనగానే వాషింగ్టను నగరమందలి దేశీయ సెనేటు మాత్రమే మనకు స్ఫురించును. కాని ఆ దేశమందలి 50 రాష్ట్రములలో ప్రతిదానికిని స్వంత రాజ్యాంగము, స్వంత గవర్నరు, స్వంత శాసనశాఖ గలవు. నెబ్రాస్కా యను రాష్ట్రము 1937వ సంవత్సరము నుండి ఒకే సభతో తృప్తి నొందుచున్నది. తక్కిన 49 రాష్ట్రములలోను సభలు రెండేసి యున్నవి. అందు పై సభకు సెనేటని పేరు. న్యూయార్కు రాష్ట్రమునకు ఆల్బనీ నగరము రాజధాని. అచ్చట క్రింది సభలో 150 మంది సభ్యులును, సెనేటులో 63 మంది సభ్యులును గలరు. వీరెల్లరును రెండేండ్ల కొకమాఱు ప్రజలచే నెన్నుకొనబడుదురు.

ఈ సెనేటునందలి ముఖ్యపదవులు మూడు. మొదటిది అధ్యక్ష పదవి. దీనిని సభ్యులెన్నుకొనరు. రాష్ట్రమునకు లెఫ్టెనెంటు గవర్నరుగా, అనగా ఉపగవర్నరుగా, ప్రజలచే నెన్నిక యగువారే సెనేటున కధ్యక్షులు. రెండవది తాత్కాలికాధ్యక్ష పదవి. దీనికి సభ్యులు తమలో నొకరిని ఎన్నుకొందురు. మూడవది అధికసంఖ్యాక పక్షనాయకుని పదవి. ఇది పేరునకు వేఱైనను, తాత్కాలికాధ్యక్షుడే సామాన్యముగా నీ పదవిని గూడ వహించును. రెండవ పక్షమువారికి సయితము నాయకుడొకడుండును గాని యతనికి సభాకార్యక్రమముపై నధికారము లేదు. పేర్లను మాత్రమే చూచువారు అధ్యక్షుడే గొప్పవాడనియు, తాత్కాలికాధ్యక్షుడు చిన్నవాడనియు తలచెదరు. నిజము దీనికి విపరీతముగా నున్నది. అది యెట్లు విపరీతమయ్యెనో తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

న్యూయార్కు తొలి రాజ్యాంగము 1777వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీన కింగ్‌స్టను గ్రామమునందు ఆమోదింపబడెను. అది బ్రిటిషువారితో స్వాతంత్ర్య యుద్ధము జరుగుచున్న కాలము. న్యూయార్కు నగరము శత్రువుల వశమందుండెను. అట్టి తొందరలో వ్రాయబడినదైనను ఆ రాజ్యాంగము సెనేటు విషయమై స్పష్టమైన యేర్పాటు చేసెను. సెనేటరులు 24 మంది. ఋణములు పోగా నూఱు పౌనుల విలువగల భూస్వామ్యము గలవారికి మాత్రమే వారి నెన్నుకొను హక్కుండెను. ఉపగవర్నరు తన పదవిని బట్టియే సభకు అధ్యక్షుడు. అతనికి సామాన్యమైన వోటు లేదు. ఇరుప్రక్కల వోట్లు సమానమైనప్పుడు మాత్రము నిర్ణాయకమగు వోటు వేయవచ్చును. అతడు లేనప్పుడు సభ్యులు తమలో నొకరిని ఆ కాలమునకు మాత్రము అధ్యక్షునిగా నెన్నుకొనవలెను.

ఈ కడపటి నియమము ఆరంభముననే యవసరమయ్యెను. ఆ యేడు జరిగిన యెన్నికలలో జార్జి క్లింటను అను సేనాని గవర్నరు పదవికిని, ఉపగవర్నరు పదవికిని రెంటికి నెన్నికయ్యెను! అతడు గవర్నరు పదవిని స్వీకరించి, రెండవదానిని వదలుకొనెను. కావున సెనేటు తొలిసారి కూడునప్పటికే దాని యధ్యక్షపీఠము ఖాళీగా నుండెను. సభ్యులు తమలో నొకడగు పియరు వాన్ కోర్ట్‌లాండును ఎన్నుకొనిరి. అతడే ఉపగవర్నరు పనులను గూడ నిర్వహించి, మఱుసటి యేడు ప్రజలచే ఆ పదవికి నెన్నుకొనబడి, 1795 వరకు దానియందుండెను. 1777 అక్టోబరు 16వ తేదీన బ్రిటిషు సేనలు కింగ్‌స్టనును తగులబెట్టెను. ఊరు కాలిపోయినను ప్రభుత్వము నిలిచెను. పీఠము ఖాళీ పడినచో దాని నెవరు నింపవలెనో ముందుగానే వ్రాసికొనియుండుట అట్టి కష్టకాలమున నెంత మేలు చేసెనో చదువరులు గమనింతురు గాక.

సభ్యుడు కానివానిని సభకు అధ్యక్షునిగా నేల చేయవలెనని కొందఱడుగవచ్చును. దీనికి అలెగ్జాండరు హామిల్టను చెప్పిన సమాధానము ప్రసిద్ధమైనది. దేశమునకంతటికి నూతన రాజ్యాంగము ప్రతిపాదింపబడినపుడు, 1788లో నతడు ఫెడరలిస్టు వ్యాసములలో 68వ దానియందు, ఉపరాష్ట్రపతి దేశీయ సెనేటునకు అధ్యక్షుడగుటను సమర్థించుచు, న్యూయార్కు ఉపగవర్నరును దృష్టాంతముగా చూపెను. సభ్యులలో నొకనిని పీఠమెక్కించినచో నతని ప్రాంతము తన వోటును నిత్యము వినియోగించుకొను భాగ్యమును కోల్పోవుననియు, బయటివాడైనచో వోట్లు సమానమైనపుడు మాత్రమే కలుగజేసికొని వివాదమును తెగగొట్టుననియు అతని వాదసారము.

ఈ యేర్పాటు మన దేశమునకును పరాయిది కాదు. 1950వ సంవత్సరపు భారత రాజ్యాంగము ప్రకారము ఉపరాష్ట్రపతియే రాజ్యసభకు అధ్యక్షుడు. సభ్యులు తమలో నొకరిని ఉపాధ్యక్షునిగా నెన్నుకొందురు. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీరు హుస్సేను మరణింపగా, మన తెలుగువారైన వి. వి. గిరిగారు ఉపరాష్ట్రపతి హోదాలో రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించిరి. అప్పుడు రాజ్యసభాధ్యక్షుని విధులు రాజ్యాంగము ననుసరించి ఉపాధ్యక్షురాలైన వయొలెట్ ఆల్వాగారికి సంక్రమించెను. ఆమె క్రైస్తవ మహిళయగుట మన చదువరులకు సంతోషము గూర్చును. అయితే మన రాష్ట్రముల శాసనమండళ్ల పద్ధతి వేఱు. 1958లో నేర్పడి, 1985లో రద్దయి, 2007లో మరల నెలకొన్న ఆంధ్రప్రదేశ్ శాసనమండలి గాని, 2014లో నేర్పడిన తెలంగాణ శాసనమండలి గాని తమ యధ్యక్షుని తమ సభ్యులనుండియే యెన్నుకొనును. బయటినుండి వచ్చి కూర్చుండువారెవరును లేరు.

మరల న్యూయార్కు విషయమునకు వత్తము. 19వ శతాబ్దియందు చాలకాలము తాత్కాలికాధ్యక్షుడు పేరునకు తగినట్లే తాత్కాలికుడుగా నుండెను. ఉపగవర్నరు ఊరిలో లేనప్పుడో, జబ్బుపడినప్పుడో అతడు నాలుగు దినములు పీఠమెక్కి దిగెడివాడు. సమావేశముల తుదియందు ఉపగవర్నరు బుద్ధిపూర్వకముగా సభను విడిచి వెళ్లుటయు, సభ్యులు అప్పుడొకరిని ఎన్నుకొనుటయు నొక యాచారముగా నుండెడిది. ఏలయన, గవర్నరునకును ఉపగవర్నరునకును ఏదైన ప్రమాదము సంభవించినచో రాష్ట్రభారము తాత్కాలికాధ్యక్షునిపై పడును. సభ కూడని నెలలలో అట్టివాడొకడు సిద్ధముగా నుండవలెను. 1828 ఫిబ్రవరి 11వ తేదీన, ఈరీ కాలువను త్రవ్వించి కీర్తిగాంచిన గవర్నరు డి విట్ క్లింటను హఠాత్తుగా మరణించెను. ఉపగవర్నరు నథానియేలు పిచరు గవర్నరు పనిలో ప్రవేశించెను. సెనేటు పీటరు లివింగ్‌స్టనును తన పీఠముపై కూర్చుండబెట్టుకొనెను. దీపమొకటి ఆరినంతనే మఱొక దీపము వెలిగించినట్లు పని సాగిపోయెను.

ఇంతవరకు తాత్కాలికాధ్యక్షుడు ఖాళీ నింపువాడు మాత్రమే. అతడు యజమానుడెట్లయ్యెను? దీనికి రాజ్యాంగమునందు వ్రాయబడిన కారణము లేదు. అది రాజకీయపక్షముల వృద్ధివలన కలిగిన మార్పు. ఉపగవర్నరును సభ్యులు నియమింపలేరు, తొలగింపలేరు. అతడు వారి పక్షమునకు విరోధియైనను కావచ్చును. అట్టివాని చేతికి తమ యుపసంఘములను, తమ కార్యక్రమమును అప్పగించుటకు సభ్యులిష్టపడరు గదా! కావున వారు తమ నమ్మకమునకు పాత్రుడైన వానిని సమావేశముల ఆరంభముననే తాత్కాలికాధ్యక్షునిగా నెన్నుకొని, సభానియమముల ద్వారా నొక్కొక్క యధికారమును అతని చేతికిచ్చిరి. 19వ శతాబ్ది ముగియునప్పటికి అతడే తన పక్షమునకు నాయకుడును, సభకు సూత్రధారియు నయ్యెను.

ఆ యధికారము లెట్టివో కొంచెము వివరించెదము. చట్టమొకటి కావలెనన్న మొదట దాని చిత్తుప్రతి యొక యుపసంఘము నెదుటికి పోవలెను. ఉపసంఘమునందెవరుండవలెనో, దానికెవరు పెద్దగా నుండవలెనో నిర్ణయించువాడు తాత్కాలికాధ్యక్షుడు. ఉపసంఘము దానిని మెచ్చినను సభ యెదుటికి ఏ దినమున రావలెనో, అసలు వచ్చునో రాదో, అదియును చాలవఱకు అతని చేతిలోనిదే. సభోద్యోగులను నియమించువాడును అతడే. పంట యెంత బాగుగ పండినను, కళ్లము నుండి యింటికి చేర్చు బండి యొకని స్వాధీనమందున్నచో రైతు వానినే ప్రార్థింపవలెను. అట్లే చట్టము కోరువారెల్లరు తాత్కాలికాధ్యక్షుని గడప త్రొక్కవలసినవారైరి. పీఠముపైనున్న ఉపగవర్నరు కొయ్యసుత్తితో బల్లను కొట్టి సభ్యుల పేర్లు పిలుచును. ఆ దినమున సభలో నేమి జరుగవలెనో అంతకుముందే వేఱొకరు నిర్ణయించియుందురు.

ఇది పీఠముయొక్క స్వభావముచే కలిగినది కాదనుటకు టెక్సాసు రాష్ట్రము నిదర్శనము. అచ్చటను ఉపగవర్నరే సెనేటునకు అధ్యక్షుడు. కాని ఉపసంఘములను నియమించుట మొదలగు గొప్ప యధికారములను అచ్చటి సెనేటు తన నియమముల మూలమున ఆయన చేతిలోనే యుంచెను. కావున టెక్సాసు ఉపగవర్నరు ఆ రాష్ట్రమందలి మిక్కిలి బలవంతులలో నొకడుగా నెంచబడును. పీఠము రెండుచోట్ల నొకటియే. సభ్యుల సమ్మతి యేవైపు మొగ్గినదో బలము నావైపునకే పోయినది. ఈ చరిత్రమంతటికి నిదియే తాళపుచెవి యని మేము తలచుచున్నాము.

ఇట్టి యధికారము దుర్వినియోగమైనచో నేమగును? 1910 జనవరిలో జోథం ఆల్డ్సు అనునతడు తాత్కాలికాధ్యక్షుడుగా నెన్నుకొనబడెను. కొలదిదినములలోనే, అతని పక్షమునకే చెందిన బెన్ కాంగరు అను సెనేటరు, 1901లో నొక చట్టప్రతిపాదనము నాపుటకై ఆల్డ్సు లంచము గైకొనెనని బాహాటముగా నేరము మోపెను. సెనేటు తన నాయకుని తానే విచారించెను. తీర్పు వెలువడుటకు కొంచెము ముందుగా, మార్చి నెలాఖరున ఆల్డ్సు రాజీనామా నొసగి వెడలిపోయెను. అయినను సభ్యులు వోటు వేసి నేరము రుజువైనదనియే తేల్చిరి. స్వపక్షమువాడే యైనను, నాయకుడే యైనను దోషిని దాచిపెట్టరాదను పాఠమును ఆ సభ యానాడు లోకమునకు నేర్పెను.

ఆ మఱుసటి యేడే అధికారము సద్వినియోగమైన ఘట్టమొకటి జరిగెను. 1911లో డెమోక్రాటు పక్షము రాబర్టు వాగ్నరును తాత్కాలికాధ్యక్షునిగా చేసెను. అతడు జర్మనీలో పుట్టి, బాల్యమున తలిదండ్రులతో వలసవచ్చిన పేదవాడు. అప్పటికి అతని వయస్సు 33 సంవత్సరములు. ఆ యేడు మార్చి 25వ తేదీన న్యూయార్కు నగరమందలి ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారము తగులబడి 146 మంది మరణించిరి. వారిలో నధికులు వలసవచ్చిన పడుచు స్త్రీలు. ఒక ద్వారమునకు తాళము వేసియుండుటచే పెక్కుమంది తప్పించుకొనలేకపోయిరి. ఈ ఘోరమును విచారించుటకు ఏర్పడిన సంఘమునకు వాగ్నరు అధ్యక్షుడును, క్రిందిసభా నాయకుడైన ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడును అయిరి. వారు కర్మాగారములకు స్వయముగా పోయి చూచి, అగ్నిప్రమాదములనుండి రక్షణము, వెలుతురు, గాలి, స్త్రీలయు బాలురయు పనిగంటలు మొదలగువానిని గుఱించి అనేక చట్టములు చేయించిరి. సభా కార్యక్రమము వారి చేతిలో నుండుటచేతనే ఆ చట్టములు ఉపసంఘముల మూలల బడి నశింపక వెలుగు చూచెను. 1913 అక్టోబరులో గవర్నరు విలియం సల్జరు అభిశంసనచే పదవీభ్రష్టుడు కాగా, ఉపగవర్నరు మార్టిను గ్లిన్ గవర్నరయ్యెను. వాగ్నరు ఉపగవర్నరు విధులను గూడ నిర్వహించెను. తరువాత నతడు దేశీయ సెనేటునకు పోయి, 1935లో కార్మికుల హక్కుల చట్టమునకు తన పేరు నిలుచునట్లు చేసికొనెను.

ఇక ఖాళీ పీఠపు చిక్కు మరల తలయెత్తినది 1943లో. ఆ జూలై 17న ఉపగవర్నరు థామసు వాలెసు మరణించెను. తాత్కాలికాధ్యక్షుడైన జో హాన్లీ ఆ విధులను స్వీకరించెను. అంతతో చాలునని యధికారులు తలచిరి. కాని న్యాయస్థానము ఆ సంవత్సరమే ఉపగవర్నరు పదవికి ఎన్నిక జరుపవలెనని తీర్పు చెప్పెను. నవంబరులో హాన్లీయే గెలిచెను. ఇట్లు గవర్నరు ఎన్నికతో సంబంధము లేకుండ ఉపగవర్నరునకు మాత్రము ప్రత్యేకముగా ఎన్నిక జరుగరాదని తలచి, 1945లో రాజ్యాంగమును సవరించిరి. 1953లో చేసిన మఱొక సవరణచే ఆ యిరువురును జంటగా, ఒకే వోటుతో నెన్నుకొనబడు పద్ధతి యేర్పడెను. ఒక తలుపు మూయబడెను. కాని ఆ పదవి నడుమ ఖాళీయైనచో నింపుట కేదైన దారి కలదా యను విషయము రాజ్యాంగమున స్పష్టముగా లేకపోయెను. 1973లోను 1985లోను పదవి ఖాళీ పడినది. తాత్కాలికాధ్యక్షుడు వారెన్ ఆండర్సను రెండుమాఱులును బాధ్యత వహించుటచే నెవరికిని కొఱత తెలియలేదు.

తాత్కాలికాధ్యక్షుడే నిర్ణయము కాకున్నచో? 1965 జనవరిలో అట్టి యవస్థ కలిగెను. ఎన్నికలలో డెమోక్రాటులు ఉభయసభలను గెలిచిరి గాని, నాయకుడెవరను విషయమై తమలో తాము చీలిరి. సుమారొక నెల దినములు సభలకు నాయకులు లేకపోయిరి. తుదకు ఫిబ్రవరి తొలిదినములలో, గవర్నరు నెల్సను రాక్‌ఫెల్లరు పక్షమువారైన రిపబ్లికనులు తమ వోట్లను కలిపి జోసెఫు జారెట్స్కీని సెనేటు తాత్కాలికాధ్యక్షునిగా గెలిపించిరి. గెలిచినవారు తమలో నైకమత్యము లేక, తమ నాయకుని ఎన్నుకొనుటకు ఓడినవారి సాయమును పొందవలసివచ్చెను!

అంతకు మించిన యనర్థము 2009లో సంభవించెను. దాని బీజము 2008 మార్చి 17న పడినది. ఆనాడు గవర్నరు ఎలియట్ స్పిట్జరు పదవిని వదలగా, ఉపగవర్నరు డేవిడ్ పాటర్సను గవర్నరయ్యెను. సెనేటు అధ్యక్షపీఠము ఖాళీయయ్యెను. అప్పటికి సెనేటరులు 62 మంది. అందు 32 మంది డెమోక్రాటులు, 30 మంది రిపబ్లికనులు 2009 సంవత్సరారంభమున నుండిరి. మాల్కం స్మిత్ తాత్కాలికాధ్యక్షుడు. జూను 8వ తేదీన పెడ్రో ఎస్పాడా, హైరం మాన్సెరాటే యను ఇరువురు డెమోక్రాటులు హఠాత్తుగా రిపబ్లికనులతో చేరి, ఎస్పాడాను తాత్కాలికాధ్యక్షునిగాను, రిపబ్లికను డీన్ స్కెలోసును పక్షనాయకునిగాను ప్రకటించిరి. వారము దినములలో మాన్సెరాటే తిరిగి స్వపక్షమును చేరెను. ఇప్పుడు లెక్క 31కి 31. చట్టమునకు 32 వోట్లు కావలెను. సమానమైన వోట్లను తెగగొట్టవలసిన ఉపగవర్నరు లేడు. తాత్కాలికాధ్యక్షుడెవరో తెలియదు. రెండు కుర్చీలు నొక్కసారి నిర్ణయములేనివయ్యెను.

ఆ తరువాత జరిగినది పెద్దలు సిగ్గుపడదగిన వృత్తాంతము. రెండు పక్షములు ఒకే సభామందిరమున, ఒకే సమయమున, ఇద్దఱు వేఱువేఱు అధ్యక్షులతో సభ జరుపుకొనిరి. ఒకరి మాటపై నొకరు మాటాడిరి. జూను 30న డెమోక్రాటులు సభలో నుండగా రిపబ్లికను సభ్యుడొకడు కాఫీకై ఆ మందిరము మీదుగా నడచిపోయెను. వెంటనే అతనిని గూడ లెక్కించి, 32 మంది హాజరైరి గనుక కోరము కలదని చెప్పి, వంద దాటిన ప్రతిపాదనములను అంగీకరించినట్లు వారు ప్రకటించిరి. గవర్నరు తన పక్షమువాడైనను వానిపై సంతకము చేయుటకు నిరాకరించెను.

నవ్వు పుట్టించు నీ కథవలన నష్టపోయినవారెవరు? న్యూయార్కు నగర పాఠశాలల పాలనము మేయరు నధీనమందుండవలెనను చట్టము ఆ జూను 30తోనే గడువు తీరిపోయెను. దానిని పొడిగింపవలసిన సెనేటు పోట్లాటలో మునిగియుండెను. లక్షలకొలది పిల్లలు చదువుకొను పాఠశాలల కధికారి యెవరను ప్రశ్న యొక్కరాత్రిలో నుదయించెను. పాతకాలపు విద్యామండలిని మరల హడావుడిగా నేర్పఱచి, జూలై 1న సమావేశపఱచి, పాఠశాలల పెద్దను యథాస్థానమున నిలుపవలసివచ్చెను. సెనేటు ఆ చట్టమును తిరిగి అంగీకరించినది ఆగస్టు 6వ తేదీననే. పెద్దలు కుర్చీకై కలహించుచుండగా పిల్లల బడి దిక్కులేనిదగుట తలిదండ్రులును ఉపాధ్యాయులును మఱవరాని సంగతి.

ఈ చిక్కును విప్పుటకు జూలై 8న గవర్నరు పాటర్సను ఒక సాహసము చేసెను. రిచర్డు రావిచ్ అను అనుభవశాలిని తానే ఉపగవర్నరుగా నియమించెను. అట్లు నియమించు హక్కు గవర్నరునకు కలదని అంతకుముందెవరును రూఢిగా నెఱుగరు. మఱునాడే ఎస్పాడా డెమోక్రాటులతో మరల చేరుటచే లెక్క 32 అయి కలహము సమసెను. ఆ నియామకము చెల్లునా చెల్లదా యను వ్యాజ్యము ఆ రాష్ట్రమందలి అత్యున్నతమగు అప్పీళ్ల న్యాయస్థానము వఱకు పోయెను. సెప్టెంబరు 22న నలుగురు న్యాయమూర్తులు చెల్లుననియు, ముగ్గురు చెల్లదనియు చెప్పిరి. ఒక్క న్యాయమూర్తి భేదముచే 1945 నాటి సందేహము తీరెను. 64 సంవత్సరములు వ్రాయక విడిచిన యొక్క వాక్యమునకు ఇంత మూల్యము చెల్లింపవలసివచ్చినది.

పిమ్మట 2013, 2014 సంవత్సరములలో మఱొక వింత జరిగెను. డెమోక్రాటులనుండి విడివడిన చిన్న బృందమొకటి రిపబ్లికనులతో పొత్తు కుదుర్చుకొనెను. ఆ బృందనాయకుడు జెఫ్రీ క్లైనును, రిపబ్లికను నాయకుడు స్కెలోసును రెండువారముల కొకరు చొప్పున తాత్కాలికాధ్యక్ష నామమును వంతులవారీగా ధరించిరి. కడకు 2019 జనవరి 9వ తేదీన ఆండ్రియా స్టూవర్టు-కజిన్సు తాత్కాలికాధ్యక్షురాలుగాను, అధికసంఖ్యాక పక్షనాయకురాలుగాను ఎన్నుకొనబడిరి. న్యూయార్కు సెనేటు చరిత్రయందు ఆ స్థానము నధిష్ఠించిన ప్రథమ మహిళ యామెయే. ఆమె ఆఫ్రికా సంతతికి చెందిన వనిత. 1777లో బానిసత్వము చట్టసమ్మతమై యుండి, స్త్రీలకు వోటు లేకుండిన రాష్ట్రమునందు, నూఱు పౌనుల భూస్వాములు నెలకొల్పిన సభయందు ఇది జరిగినది. 2021 ఆగస్టులో గవర్నరు ఆండ్రూ క్వోమో రాజీనామా చేయగా ఉపగవర్నరు క్యాథీ హోకల్ గవర్నరైరి. నూతన ఉపగవర్నరు వచ్చువఱకు ఆ విధులు రాజ్యాంగము ననుసరించి ఈమెకే సంక్రమించెను. పియరు వాన్ కోర్ట్‌లాండు కొఱకు వినియోగింపబడిన పాత నియమమే రెండువందల నలువది నాలుగేండ్ల తరువాత మరల పనిచేసెను.

ఈ చరిత్రనుండి మన బాలబాలికలు గ్రహింపదగిన విషయములు రెండు గలవు. మొదటిది: పదవికి పేరు పెద్దది కావచ్చును, కుర్చీ యెత్తుగా నుండవచ్చును. కాని నడిపించు శక్తి నడువబోవువారి నమ్మకమునుండియే వచ్చును. తాత్కాలికుడని పిలువబడినవాడు సభకు నాయకుడయ్యెను. ఆ నమ్మకమును డబ్బు కమ్ముకొన్న ఆల్డ్సు దానిని పోగొట్టుకొనెను. దానిని అగ్నిలో మాడిన పేదల పక్షమున వినియోగించిన వాగ్నరు చిరస్మరణీయుడయ్యెను. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును కొలుచు మనకు, నాయకత్వమనగా సేవయే యను సత్యము క్రొత్తది కాదు. అయినను లోకచరిత్రయు దానికే సాక్ష్యమిచ్చుచుండుట చూచినప్పుడు మన విశ్వాసము బలపడును.

రెండవది: మంచి దినములలోనే చెడ్డదినమునకు నియమము వ్రాసికొనవలెను. అందఱును స్నేహముగా నున్నప్పుడు, నాయకుడు లేనిచో నెవరు నడుపవలెను, వోట్లు సమానమైనచో నెవరు తీర్చవలెను అని యడుగుట అపశకునముగా తోచవచ్చును. అది అపశకునము కాదు, వివేకము. మన పాఠశాలలయందలి సంఘములును, మన గ్రామముల పంచాయతీలును, మన సంఘారాధనల పెద్దల సభలును తమ నియమావళులను ఒకమాఱు తెఱచి, ఈ రెండు ప్రశ్నలకు వానియందు జవాబు కలదో లేదో చూచుకొనుట మంచిది. లేనిచో రాబోవు సమావేశమునందే ఆ యొక్క వాక్యమును చేర్చుకొనవలెనని మా మనవి.